వానలో ఎలక్ట్రిక్ బండి: బెంగళూరు రోడ్ల మీద నడపడం నుంచి ఛార్జింగ్ దాకా సమగ్ర మార్గదర్శి

ఏప్రిల్ చివర్లో సాయంత్రం ఉరుములు మొదలయ్యాయంటే చాలు, మారతహళ్లి, బెల్లందూర్, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్లు అవే ప్రశ్నలు అడుగుతారు. తడిస్తే షాక్ కొడుతుందా? నీళ్లు నిలిచిన రోడ్డులో వెళ్లొచ్చా? తడిసిన బండికి రాత్రి ఛార్జింగ్ పెట్టొచ్చా?

పైనుంచి పడే వాన గురించి టెన్షన్ అక్కర్లేదు. ఈ ఎలక్ట్రిక్ స్కూటర్లలో బ్యాటరీ సాధారణంగా 48 నుంచి 72 వోల్టుల డీసీ. పెట్టె సీల్ చేసి ఉంటుంది, కరెంటు బండి బాడీలోకి రాకుండా విడిగా ఉంటుంది. అసలు జాగ్రత్త పడాల్సినవి మూడు: కింద నిలిచిన నీళ్లు, తడి రోడ్డు మీద టైరు పట్టు, ఇంట్లో గోడకున్న 230 వోల్టుల ప్లగ్గు. చాలామంది మొదటిదానికి మాత్రమే భయపడి మూడోదాన్ని పట్టించుకోరు.

1. మీ బండిని టేపుతో కొలవండి

షోరూంలో "ఐపీ 67 సార్, నీళ్లలో వేసినా ఏం కాదు" అంటారు. ఆ మాటలో సగమే నిజం. ఐపీ అంటే దుమ్మును, నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగ్. దాని తర్వాత వచ్చే మొదటి అంకె దుమ్ముకు సంబంధించింది, రెండోది నీటికి. రెండో అంకె 5 అయితే పైపుతో చిమ్మిన నీటికి, 6 అయితే ఇంకా గట్టిగా చిమ్మిన నీటికి తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా లోపలికి నీరు చేరకూడదు.

అయితే ఆ రేటింగ్ బ్యాటరీకో మోటారుకో ఇచ్చింది, మొత్తం బండికి కాదు. పరీక్ష జరిగేది కొత్త భాగం మీద, కదలని మంచి నీటిలో. మన రోడ్డు మీద ఉండేది బురద కలిసిన డ్రైనేజీ నీరు, దానికి తోడు పక్కనుంచి వెళ్లే బస్సు లేపే అల. మూడేళ్లు గతుకుల్లో తిరిగిన బండి సీళ్లు మొదటి రోజులా ఉండవు. ఇంకో సంగతి, 7 అని ఉన్నంత మాత్రాన ప్రెషర్ వాష్‌కు తట్టుకుంటుందని కాదు. అది వేరే పరీక్ష.

బ్యాటరీ భద్రతకు ఏఐఎస్-156 సవరించిన నిబంధనలు 2022 డిసెంబర్‌లో మొదటి దశగా, 2023 మార్చి చివర్లో రెండో దశగా అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు తయారైన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు వానాకాలానికి ముందే సర్వీస్ సెంటర్‌లో సీళ్లు, కనెక్టర్లు చూపించుకోవడం మంచిది.

ఇప్పుడు టేపు తీసుకుని నేల నుంచి మూడు ఎత్తులు కొలవండి:

- వెనక చక్రం ఇరుసు మధ్య వరకు. మోటారు చక్రంలోనే ఉండే బండి అయితే ఇది చాలా ముఖ్యం.
- కాళ్లు పెట్టుకునే ఫ్లోర్‌బోర్డు అడుగు వరకు. చాలా మోడళ్లలో బ్యాటరీ దీని కిందే ఉంటుంది.
- ఛార్జింగ్ పోర్టు వరకు.

మూడింటిలో తక్కువదాన్ని తీసుకుని అందులో సగం మీ హద్దు అనుకోండి. కంపెనీ ఇంతకన్నా ఎక్కువే చెప్పొచ్చు, కానీ మిగతా సగాన్ని అలలకూ కనబడని గుంతలకూ వదిలేయాలి. ఆ హద్దు మీ కాలి మీద ఎక్కడి వరకు వస్తుందో ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. వానలో టేపు తీసి కొలిచే ఓపిక ఎవరికీ ఉండదు.

2. సీజన్‌కు ముందు ఒక ఆదివారం కేటాయించండి

టైర్లు: గాడుల మధ్య చిన్న దిమ్మెల్లాంటి అరుగుదల గుర్తులు ఉంటాయి. టైరు అరిగి వాటి మట్టానికి దగ్గర పడుతుంటే వానాకాలం గడిచేదాకా ఆగకుండా మార్చేయండి. గాలి కంపెనీ చెప్పినంతే ఉండాలి. "వానలో పట్టు కోసం కొంచెం గాలి తగ్గించు" అనే సలహా వినొద్దు, గాలి తగ్గితే టైరు నీటిని సరిగా పక్కకు నెట్టలేదు.

బ్రేకులు: ప్యాడ్లు, లైనింగ్ చూపించండి. వెనక డ్రమ్ బ్రేకు ఉంటే బురద శుభ్రం చేయించండి. ఎలక్ట్రిక్ బండిలో రీజెన్ (యాక్సిలరేటర్ వదలగానే మోటారే బండిని నెమ్మదింపజేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపడం) వల్ల బ్రేకులు తక్కువ వాడతాం కాబట్టి ప్యాడ్లు త్వరగా అరగవు, మనమూ వాటిని మర్చిపోతాం. ఆ మర్చిపోవడంలోనే డిస్కు తుప్పు పట్టడం, లివర్ బిగుసుకోవడం జరుగుతాయి.

బయట వేయించిన వైరింగ్: నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. ఎక్స్‌ట్రా లైట్లు, హారన్, జీపీఎస్ ట్రాకర్ కోసం రోడ్డు పక్కన వైరు కోసి టేపు చుట్టించుకుంటారు. కంపెనీ వేసిన సీలు అక్కడితో పోయినట్టే. అలాంటివి ఉంటే తీయించండి, లేదా వాటర్‌ప్రూఫ్ కనెక్టర్‌తో సరిగా వేయించండి.

మిగతావి:

- ఛార్జింగ్ పోర్టు మూత గట్టిగా మూసుకుంటోందా? రబ్బరు చిట్లిందా?
- సీటు కింద డిక్కీలో నీరు నిలుస్తోందా? రబ్బరు అంచు సరిగా కూర్చుందా?
- హెడ్‌లైటు, టెయిల్ లైటు, ఇండికేటర్లు పనిచేస్తున్నాయా?
- ప్యాంటు, చొక్కా వేరువేరుగా ఉన్న రెయిన్‌కోటు ఉందా? గాలికి ఎగిరే పోంచో వద్దు, చక్రంలో చుట్టుకుంటుంది.
- హెల్మెట్ వైజర్ తెల్లదేనా? నల్ల వైజర్‌తో రాత్రి వానలో ఏమీ కనబడదు.
- డిక్కీలో రెండు పొడి గుడ్డలు, ఫోన్‌కు జిప్ కవర్ ఉన్నాయా?

వైజర్ లోపల పొగ పట్టకుండా ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ రాసి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఒకటి రెండు రోజులు పనిచేస్తుంది.

3. బయలుదేరాలా వద్దా?

బెంగళూరులో ఏప్రిల్, మే వానలు ఎక్కువగా సాయంత్రం ఆఫీసులు వదిలే సమయానికే వస్తాయి. గట్టిగా కురిసి ఆగిపోయేవి ఎక్కువ. ఆఫీసులో ఇంకో గంట కూర్చుంటే సగం సమస్య తీరిపోతుంది. సెప్టెంబర్, అక్టోబర్ వానలు వేరు, రాత్రంతా పడొచ్చు. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- ట్రాఫిక్ పోలీసులు సోషల్ మీడియాలో నీళ్లు నిలిచిన చోట్ల గురించి పెట్టే పోస్టులు.
- బ్యాటరీ. వానలో తడి రోడ్డు, ఎదురుగాలి, చుట్టుదారులు కలిసి రేంజ్ తగ్గుతుంది. మామూలుగా కావాల్సినదానికన్నా మూడో వంతు ఎక్కువ ఉంటేనే కదలండి.
- దారి ముందే మ్యాప్‌లో పెట్టేయడం. తడి వేలికి టచ్ స్క్రీన్ పలకదు, చినుకులు పడితే తనంతట తానే ఏవో నొక్కుకుంటుంది కూడా.
- ఎకో మోడ్.

బండిని ఆఫీసు పార్కింగ్‌లో పైఅంతస్తులో వదిలేసి మెట్రో ఎక్కడం కూడా మంచి నిర్ణయమే. పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా, యెల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా వచ్చేశాయి. ఒక్క రాత్రి బండి అక్కడే ఉన్నంత మాత్రాన ఎవరూ ఎత్తుకుపోరు.

4. తడి రోడ్డు మీద చెయ్యి ఎలా ఆడాలి

పెట్రోలు బండి నుంచి మారినవాళ్లు జారిపడేది ఇక్కడే. ఎలక్ట్రిక్ మోటారు ఆగి ఉన్నప్పుడే పూర్తి బలం ఇస్తుంది. సిగ్నల్ పడగానే అలవాటుగా యాక్సిలరేటర్ తిప్పితే వెనక చక్రం గిర్రున తిరుగుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారితే మోటారు బలం తగ్గించే ఏర్పాటు) ఉన్న మోడళ్లు కొన్ని ఉన్నాయి, ఉంటే ఆన్‌లో ఉంచండి. ఉన్నా లేకున్నా మణికట్టు నెమ్మదిగానే కదలాలి.

రీజెన్ సంగతి ఇంకా ముఖ్యం. యాక్సిలరేటర్ వదలగానే బండి తనంతట తాను నెమ్మదించేది వెనక చక్రం మీదే. ఎక్కువ రీజెన్ పెట్టుకుని, మలుపులో ఒక్కసారి చెయ్యి వదిలేస్తే వెనక చక్రం పక్కకు జారుతుంది. సెట్టింగ్ ఉంటే తక్కువకు మార్చండి. లేకపోతే మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించి, మలుపులో యాక్సిలరేటర్‌ను కొద్దిగా అలాగే పట్టుకుని వెళ్లండి.

బ్యాటరీ 100 శాతం నిండి ఉన్నప్పుడు రీజెన్ దాదాపు పనిచేయదు, ఆ కరెంటుకు లోపల చోటుండదు కాబట్టి. ఉదయం ఫుల్ ఛార్జ్‌తో ఇంటి నుంచి దిగినప్పుడు, సాయంత్రం 40 శాతంతో తిరిగొచ్చినప్పుడు బండి ఆగే తీరు వేరుగా ఉంటుంది. వాన రోజు మొదటి రెండు కిలోమీటర్లు ఇది గుర్తుంచుకోండి.

బ్రేకులు వేసే వరస:

1. ముందు యాక్సిలరేటర్ మెల్లగా వదలండి.
2. రెండు లివర్లూ కలిపి, మొదట తేలిగ్గా తాకించండి. డిస్కు మీద నీటి పొర తుడుచుకుపోవడానికి ఒక క్షణం పడుతుంది.
3. తర్వాత ఒత్తిడి పెంచండి. ఒక్కసారిగా బిగించొద్దు.
4. ముందు బండికి మామూలుగా వదిలే దూరానికి రెట్టింపు వదలండి. మధ్యలోకి ఆటో దూరుతుంది, దూరనివ్వండి.

చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఉండేది సీబీఎస్ మాత్రమే. ఎడమ లివర్ పట్టుకుంటే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది గానీ, చక్రం లాక్ కాకుండా అది ఆపదు. ఆ పని ఏబీఎస్‌ది.

మొదటి చినుకులు పడిన పది పదిహేను నిమిషాలు రోడ్డు బాగా జారుతుంది, అప్పటిదాకా పేరుకున్న నూనె, దుమ్ము పైకి తేలతాయి. ఆ తర్వాత కాస్త నయం. జారే చోట్లు: మెట్రో పనుల దగ్గర పరిచిన ఇనుప పలకలు, మ్యాన్‌హోల్ మూతలు, జీబ్రా క్రాసింగ్ తెల్ల రంగు, రాలిన గుల్‌మొహర్ పూలు, నీళ్ల ట్యాంకర్ కారుస్తూ వెళ్లిన మట్టి రోడ్డు. వీటి మీద నిటారుగా, బ్రేకు లేకుండా, యాక్సిలరేటర్ మార్చకుండా దాటిపోవాలి. రోడ్డు మీద రంగురంగుల మెరుపు కనిపిస్తే అది డీజిలో నూనెనో అయివుంటుంది, అటు పోవద్దు.

5. ముందు నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇప్పుడేం చేయాలి?

ముందుగా మినహాయింపు లేని నియమం: నీళ్లున్న అండర్‌పాస్‌లోకి దిగొద్దు. లోతు ఎంతో తెలియదు, వెనక్కి తిరిగే చోటు ఉండదు, నిమిషాల్లో మట్టం పెరుగుతుంది. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి, ఆంధ్ర నుంచి ఇక్కడికొచ్చి పనిచేస్తున్న ఒక యువ ఉద్యోగిని చనిపోయింది. పణత్తూర్ రైల్వే అండర్‌పాస్ లాంటివాటి దగ్గర పది నిమిషాలు ఆదా అవుతాయని ఆశపడొద్దు.

మామూలు రోడ్డయితే ఈ వరసలో చూడండి:

1. పక్కకు తీసి ఆగండి. ఒక నిమిషం అటు వెళ్లే స్కూటర్లను చూడండి. నీళ్లు మీరు కొలిచి గుర్తుపెట్టుకున్న హద్దు దాటుతుంటే మీరు వెనక్కి.
2. ఫుట్‌పాత్ అంచు రాయి చూడండి. అది కనబడకుండా మునిగిందంటే వెళ్లొద్దు.
3. ఎదురుగా వస్తున్న ఆటో అన్నను అడగండి: "ముందె నీరు ఎష్టిదె అణ్ణా?" (ముందు నీళ్లు ఎంతున్నాయి అన్నా?) మ్యాప్ కన్నా ఆయన మాటే నిజం.
4. నీళ్లు పారుతున్నాయా, నిలిచి ఉన్నాయా చూడండి. వేగంగా పారుతుంటే, లోతు తక్కువైనా దిగొద్దు. రాజకాలువల (వాన నీరు పోయే పెద్ద కాలువల) పక్క రోడ్లలో ఇది మరీ ముఖ్యం.
5. వెళ్లాలనుకుంటే రోడ్డు మధ్యలో వెళ్లండి. రోడ్డు మధ్య ఎత్తుగా ఉంటుంది. అంచుల్లో తెరిచిన డ్రైనేజీలు, విరిగిన పలకలు ఉంటాయి.
6. నడక వేగంతో, యాక్సిలరేటర్ ఒకేలా పట్టుకుని పొండి. వేగంగా పోతే ముందు లేచే అల మీ ఫ్లోర్‌బోర్డు మీదకే వస్తుంది.
7. బస్సు, ట్యాంకర్ వస్తుంటే అవి పోయేదాకా నీళ్లలోకి దిగకుండా ఆగండి.
8. బయటికొచ్చాక కొద్ది దూరం రెండు బ్రేకులూ తేలిగ్గా పట్టుకుని నడిపి ఆరనివ్వండి. డ్రమ్ బ్రేకు ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది. పూర్తిగా పట్టు వచ్చేదాకా వేగం పెంచొద్దు.

"ఎలక్ట్రిక్ బండికి సైలెన్సర్ లేదు, కాబట్టి నీళ్లు ఎక్కువున్నా పోతుంది" అనే మాట వినే ఉంటారు. సైలెన్సర్‌లోకి నీళ్లెక్కి ఆగిపోదన్నది నిజమే. అందుకే అది మిమ్మల్ని దిగకూడనంత లోతుకు తీసుకెళ్తుంది కూడా. మోటారు ఆగకపోవడం, బ్యాటరీ సీలు తట్టుకోవడం రెండూ ఒకటి కాదు.

నీళ్లలో ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు స్తంభం, వీధి దీపం స్తంభం ఉంటే దూరంగా వెళ్లండి, బ్యాలెన్స్ కోసం కూడా చెయ్యి వేయొద్దు. తీగ తెగి పడి ఉంటే అటు పోకుండా కరెంటు సంస్థ బెస్కాం 1912కు ఫోన్ చేయండి.

6. మధ్యలో ఆగిపోతే

మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. మెయిన్ స్విచ్ ఆపి, తాళం తీసి, నెట్టుకుంటూ గట్టుకు తెండి. ఆన్‌లో ఉంచి నెడితే పొరపాటున యాక్సిలరేటర్ తిరిగి బండి ముందుకు దూకుతుంది.

తాడు కట్టి ఇంకో బండితో లాగించొద్దు. మోటారు చక్రంలో ఉన్న బండి దొర్లుతుంటే లోపల కరెంటు పుడుతుంది, తడిసిన కంట్రోలర్‌కు (మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెకు) అది మంచిది కాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేసి బండిని వాహనం మీద ఎక్కించి తీసుకెళ్లమనండి.

7. ఇంటికి వచ్చాక

బురదను బకెట్ నీళ్లతో, గుడ్డతో కడగండి. వాటర్ సర్వీసింగ్ షాపులో గన్ పెట్టి కొట్టించొద్దు. ముఖ్యంగా ఛార్జింగ్ పోర్టు, డిస్‌ప్లే, మోటారు ఇరుసు, ఫ్లోర్‌బోర్డు కింద. తడి బండి మీద ప్లాస్టిక్ కవర్ కప్పితే లోపల ఆవిరి నిలుస్తుంది, ఆరాక కప్పండి.

మర్నాడు చిన్న చిన్న తేడాలు కనిపిస్తే:

- బ్రేకు గరగరమంటోంది: డిస్కు మీద రాత్రి పట్టిన సన్నని తుప్పు. నాలుగైదు సార్లు మెల్లగా వేస్తే పోతుంది. పోకపోతే ప్యాడ్‌లో ఇసుక ఇరుక్కుంది, చూపించండి.
- డిస్‌ప్లే లోపల ఆవిరి: ఎండలో కాకుండా గాలి తగిలేచోట పెట్టండి. రెండు రోజుల్లో పోకపోతే సీలు దెబ్బతిన్నట్టే.
- సైడ్ స్టాండ్ తీసినా బండి కదలడం లేదు: స్టాండ్ సెన్సర్ దగ్గర బురద ఉంటుంది, కడగండి.
- బ్యాటరీ లేదా మోటారు హెచ్చరిక వస్తోంది: నడపొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, సర్వీస్‌కు చెప్పండి.

8. ఛార్జింగ్: తొందర పడకూడని చోటు

రాగానే ప్లగ్గు పెట్టకండి. పోర్టు మూత చుట్టూ ముందు పొడి గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే మూత తీయండి. లోపల తడి కనిపిస్తే గాలికి ఆరనివ్వండి. గుడ్డ, ఇయర్ బడ్ లోపలికి పెట్టి తిప్పొద్దు, హెయిర్ డ్రైయర్ వేడి గాలి కూడా వద్దు. బండి నీళ్లు కారడం ఆగి, చల్లబడేదాకా, అంటే గంట దాకా ఆగితే సరిపోతుంది.

పీజీల్లో, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు చేసే పని చూస్తే భయమేస్తుంది. మొదటి అంతస్తు కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కిందికి వేలాడదీసి, వానలో దానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఛార్జింగ్ పెడతారు. నేరుగా గోడ సాకెట్టు కావాలి, ఎర్త్ ఉన్న మూడు పిన్నులది, చినుకు తగలని చోట. ఓనర్‌ను అడిగి పార్కింగ్‌లో ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి. దానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టమని ప్రత్యేకంగా చెప్పండి. ఎంసీబీ తీగలను కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే కరెంటు పోవాలి.

మీ మాన్యువల్ వేరేగా చెప్పకపోతే ఈ వరస పాటించండి:

- చేతులు పొడిగా, కాళ్లకు చెప్పులు.
- గోడ స్విచ్ ఆఫ్‌లో ఉండగా ఛార్జర్ గోడకు, ఆపై బండికి పెట్టండి. స్విచ్ చివర్లో వేయండి.
- ఛార్జర్ నేల మీద వద్దు, ఎత్తుగా స్టూల్ మీదో అరలోనో పెట్టండి.
- తీగ సాకెట్టు కన్నా కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచండి. తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది.
- తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపండి.

గట్టి ఉరుములు మెరుపులు ఉంటే ప్లగ్గు పీకేయండి. వానలో కరెంటు పోయి తిరిగొచ్చేటప్పుడు వోల్టేజ్ ఎగిరి ఛార్జర్ పోవడం మామూలే.

బ్యాటరీ బయటికి తీసే బండి అయితే పిన్నుల దగ్గర తుడిచి, పొడి నేల మీద పెట్టండి. గది తలుపు దగ్గర, మంచం పక్కన ఛార్జింగ్ వద్దు. ఏదైనా జరిగితే బయటికి వెళ్లే దారి ఆ తలుపే.

9. బేస్‌మెంట్‌లో మునిగితే

భారీ వాన హెచ్చరిక ఉన్న రాత్రి బండిని బేస్‌మెంట్ నుంచి పైకి తెచ్చి పెట్టడం పది నిమిషాల పని. అప్పటికే మునిగిపోయి ఉంటే, నీళ్లు తగ్గాక కూడా కరెంటు ఆపారో లేదో తెలియకుండా బేస్‌మెంట్‌లోకి దిగొద్దు.

ఫ్లోర్‌బోర్డు పైదాకా నీళ్లు చేరిన బండిని ఆన్ చేయొద్దు, ఛార్జ్ చేయొద్దు. లిథియం బ్యాటరీలోకి నీరు చేరితే ఇబ్బంది వెంటనే కనబడకపోవచ్చు, కొన్ని రోజుల తర్వాత కూడా మంట రావచ్చు. అందుకే ఇంటికీ, మిగతా బండ్లకూ దూరంగా ఆరుబయట పెట్టి సర్వీస్ వాళ్లకు అప్పగించండి. వేడెక్కడం, ఉబ్బడం, బుసబుస శబ్దం, ఘాటైన వాసన, పొగ, వీటిలో ఏది కనిపించినా దూరంగా వెళ్లి 112కు ఫోన్ చేయండి. బండిని కాపాడే ప్రయత్నం చేయొద్దు.

బీమాకు: నీటి మట్టం గుర్తు కనిపించేలా బండిని కదిలించకముందే ఫోటోలు, వీడియో తీయండి, ఆ తర్వాత కంపెనీకి ఫోన్ చేయండి. థర్డ్ పార్టీ మాత్రమే ఉంటే వరద నష్టం రాదు, ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టానికి కవర్) ఉండాలి. మునిగిన బండిని ఆన్ చేయడం వల్ల పోయిన భాగాలకు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. బ్యాటరీ, మోటారుకు విడిగా యాడ్-ఆన్ ఉందేమో పాలసీ కాగితంలో ఇప్పుడే చూడండి. లేకపోతే రెన్యువల్ సమయంలో తీసుకోండి.